ముల్లెత్తు, పేరు చెప్పు

తను చచ్చిపోయిన సంగతి ఐవరీన్ కఫ్‌కి బస్‌స్టాపు దగ్గర జావ పోస్తుండగా తెలిసింది.

కబురు తెచ్చింది మెర్ల్. ఎదురుసందులో రమ్ము కొట్టు నడిపే మెర్ల్‌కి పడమటి కింగ్‌స్టన్‌లో ఏ దీపస్తంభం మీద ఏ కాగితం అంటించినా ముందు తనే చదవాలి, చదివింది తనే నలుగురికీ చెప్పాలి. ఆ శనివారం పొద్దున ఒక కాగితాన్ని జిగురుతో సహా ఊడబెరుక్కొచ్చి, జావ కోసం నిలబడ్డవాళ్ళందరి ముందూ గొంతెత్తి చదివింది.

“మంగళవారం, బానిసల విమోచన దినం. ఆకీ యార్డులో సాయంత్రం నాలుగింటికి హోరెబ్ సౌండ్. కెప్టెన్ లిండో చేతుల మీదుగా ‘ఎండిన వాగు’ ఆఖరిసారి. పాడినామె ఎవరో నలభై ఏళ్ళుగా ఎవరికీ తెలియదు. తన పాట ఇంతటిదవుతుందని తెలియకుండానే కన్నుమూసిన అభాగ్యురాలు.”

మెర్ల్ కాగితం మడిచి చంకన పెట్టుకుంది. “అక్కా, నీ చావుకి తొమ్మిదోనాడు చేస్తున్నట్టున్నారు. పాటలు, మేకకూర, అన్నీ ఉన్నాయట. పిలవలేదని నువ్వు వెళ్ళకపోతే బాగోదు.”

“మేకకూరా?” అంది ఐవరీన్, గిన్నె నింపుతూ. ఆమె రస్తా మతం మనిషి. మాంసం ముట్టి నలభై రెండేళ్ళయింది. “నా చావుకూడు కూడా నేను తినేది వండరన్నమాట.”

వరసలో ఉన్నవాళ్ళు ఏదో వేళాకోళమనుకుని నవ్వారు. ఆమె కూడా నవ్వింది గానీ చూసుకోకుండా పోస్తూనే ఉంటే వేరుశెనగ జావ గిన్నె అంచు మీంచి కారింది. ఆ పాట పాడింది ఆమేనని ఆ వరసలో మెర్ల్‌కి తప్ప ఇంకెవరికీ తెలియదు. మెర్ల్ అయినా నమ్మిందా అంటే, స్నేహం కొద్దీ నమ్మింది.

పాత సంగతి కొంచెం చెప్పాలి. డెబ్బై ఏడులో ఐవరీన్‌కి ఇరవై నాలుగేళ్ళు. ఆరెంజ్ వీధి వెనకాల ఒక స్టూడియోలో మగవాళ్ళు పాడుతుంటే వెనక నిలబడి వంత పాడేది. వంత పాడినవాళ్ళ పేర్లు రికార్డుల మీద వేసే అలవాటు ఆ స్టూడియోకి లేదు. అలా ఐదు పాటల్లో ఆమె గొంతు ఉంది, పేరు లేదు. ఆరో పాట ఆమెది. అసలు గాయకుడు తాగి పడుకుని రాకపోతే, వాయించేవాళ్ళు ఊరికే కూర్చున్న ఇరవై నిమిషాల్లో తను రాసుకున్న పాట తనే పాడేసింది. మొదటి పాదం పూర్తయ్యేసరికి డోలు వాయించే ముసలాయన చుట్ట ఆర్పి నిటారుగా కూర్చున్నాడు. ఆమెకు ఆనాటి గౌరవాల్లో బాగా గుర్తున్నది అదే.

స్టూడియో యజమానికి టేపు కొనాలంటే ప్రాణం మీదికి వచ్చేది. రెండు వారాల తర్వాత అదే టేపు మీద ఇంకెవడిదో ప్రేమపాట ఎక్కించి ఐవరీన్ పాటను చెరిపేశాడు. అయితే అంతకుముందే యార్డుల్లో స్పీకర్లు పెట్టి జనానికి పాటలు వేసే హోరెబ్ సౌండ్ యజమాని లిండో కోసం ఒకే ఒక్క లక్క రికార్డు చెక్కి ఇచ్చారు. అల్యూమినియం పళ్ళెం మీద నల్లటి లక్క పూత, మధ్యలో తెల్ల కాగితం, దాని మీద పెన్నుతో ‘ఎండిన వాగు, ఐవరీన్ కఫ్’ అని. లోకంలో ఆ పాట ఉన్న చోటు అదొక్కటే.

ఆ రోజుల్లో సౌండువాళ్ళకి ఒక రివాజు ఉండేది. మంచి పాట చేతికి చిక్కితే దాని కాగితం గీకేసేవారు. పోటీ సౌండ్ల తరఫున దొంగచూపులు చూసేవాళ్ళు పాట పేరు, పాడినవాళ్ళ పేరు చదివి స్టూడియోకి పరిగెత్తకుండా. గీకారంటే ఆ పాటకి అంతకన్నా పెద్ద మెప్పు లేదు. లిండో రికార్డు ఒళ్ళో పెట్టుకుని గీకడానికి ఏదైనా ఉందా అని చుట్టూ చూస్తే, ఐవరీనే తలగుడ్డకి పెట్టుకున్న పిన్నీసు తీసి అందించింది. తన పేరు పొడిపొడిగా నేలరాలుతుంటే మురిసిపోయి చూసింది. కొరివితో తల గోక్కోవడమంటే అదే, కానీ ఇరవై నాలుగేళ్ళ వయసులో కొరివి కూడా దీపంలాగే కనిపిస్తుంది.

ఆ తర్వాత లిండో ఏ యార్డులో ఆ పాట వేసినా జనం రేకుల దడి మీద దబదబా బాదేవారు. బాదారంటే పాట నచ్చిందని. అప్పుడు సౌండువాడు రికార్డు మీంచి ముల్లెత్తాలి, పాడినవాళ్ళ పేరు మైకులో చెప్పాలి, పాట మొదటి నుంచి మళ్ళీ వెయ్యాలి. ఎంతటివాడైనా ఎత్తాల్సిందే. ఎత్తనివాడి యార్డుకి మళ్ళీ వారం పురుగు కూడా రాదు. లిండో ముల్లెత్తేవాడు గానీ పేరు దగ్గరికి వచ్చేసరికి “హోరెబ్! హోరెబ్ దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు!” అని అరిచేవాడు. మొదట్లో ఆ రహస్యం ఐవరీన్‌కి తియ్యగానే ఉండేది. రెండేళ్ళ తర్వాత వేరే స్టూడియోలకి వెళ్ళి “ఆ పాట పాడింది నేనే” అంటే, అప్పటికే ఏడుగురు ఆడవాళ్ళు వచ్చి అదే మాట చెప్పి వెళ్ళారని నవ్వారు. ఎనిమిదో ఆవిడగా ఇంటికొచ్చి, బొగ్గుల పొయ్యి రాజేసి జావ కాయడం మొదలుపెట్టింది.

ఆ శనివారం కుండ ఖాళీ కాగానే ఐవరీన్ నేరుగా ఆకీ యార్డుకి నడిచింది.

లిండో ఆకీ చెట్టు కింద స్పీకరు పెట్టె మీద కూర్చుని తీగలకి పట్టీలు చుడుతున్నాడు. డెబ్బై ఆరేళ్ళు వచ్చినా టోపీ పెట్టుకోవడంలో మాత్రం ఇంకా కెప్టెనే.

“వైబర్ట్,” అంది ఆమె. కెప్టెన్ అనకుండా ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఊళ్ళో ఇద్దరో ముగ్గురో మిగిలారు. “నన్ను ఎప్పుడు పూడ్చావు?”

లిండో తీగ వదిలి చుట్టూ చూశాడు. “మెల్లిగా మాట్లాడు చెల్లీ. లోపల ఆ జపానాయన ఉన్నాడు. ఒసాకా నుంచి మిషను మోసుకొచ్చాడు. పాట ఎక్కించుకుపోయి రికార్డుగా వేస్తాడు, ప్రపంచమంతా వింటుంది. నీకూ సంతోషమేగా?”

“ఎవరి పేరుతో?”

“పేరు తెలియదని, పాడినామె పోయిందని కాగితం మీద రాసిచ్చేశాను. సంతకం కూడా అయిపోయింది. ఇప్పుడు కాదంటే నా మాటకి విలువేముంటుంది?”

“నీ మాటకి విలువ ఉండాలని నేను చచ్చిపోవాలా?”

“అర్థం చేసుకో ఐవీ. చచ్చినవాళ్ళ కళ్ళు చారెడు. పేరు తెలియని మనిషి, పాపం పోయిన మనిషి అంటే జనం చెవులు రిక్కించి వింటారు. బస్‌స్టాపులో జావ అమ్మే ఐవీ అంటే ఎవడు వింటాడు? నీ పాట మంచి కోసమే చెప్తున్నా.”

ఇంతలో జపానాయన బయటికి వచ్చాడు. హయాసె అని, సన్నగా, కళ్ళజోడు పెట్టుకుని, ఇక్కడివాళ్ళ మాట ఇక్కడివాళ్ళలాగే మాట్లాడతాడు. ఐవరీన్ దాచిపెట్టుకోలేదు. ‘ఎండిన వాగు’ పాడింది నేనే అని ముఖం మీదే చెప్పింది.

హయాసె నొచ్చుకున్నట్టు తల వంచాడు. “అమ్మా, ఈ పాట గురించి నేను అడగడం మొదలుపెట్టాక నలుగురు ఆడవాళ్ళు నాకు ఇదే రాశారు. నేను ఎవర్నీ అబద్ధమనను. రుజువు ఏమైనా ఉందా?”

“ఉంది. ఇదిగో, ఇక్కడ కూర్చుంది,” అని లిండో వైపు చూపించింది.

హయాసె లిండో వైపు చూశాడు. లిండో టోపీ సర్దుకున్నాడు. నలభై ఏళ్ళలో ఒక్క మాట నిజం చెప్పడానికి అంతకన్నా మంచి అవకాశం అతనికి దొరకలేదు.

“ఈమె జావ చాలా బాగా కాస్తుంది,” అన్నాడు. “వెళ్ళేలోగా ఒక గిన్నె తాగి చూడు.”

ఐవరీన్ చాలా మాటలు పడ్డ మనిషి. పోలీసులు అంటే పడింది, అద్దెకిచ్చినవాళ్ళు అంటే పడింది. కానీ ఆ మాట మాత్రం గుండెల్లో దిగి అక్కడే ఉండిపోయింది. ఆమె తిట్టలేదు. పెట్టె మీద గుడ్డ పరిచి పెట్టిన రికార్డు వైపు చూసింది. అంచున లక్క పొరలు లేచి, కింద పళ్ళెం తళుక్కుమంటోంది.

“ఇంకా ఎన్నిసార్లు తిరుగుతుంది అది?” అని అడిగింది.

“ఒకసారి. జా దేవుడి దయ ఉంటే రెండు,” అన్నాడు లిండో. హయాసె కూడా దిగులుగా తలాడించాడు. ఎవరూ లేని గదిలో మెల్లిగా ఎక్కించుకుంటానని ఆయన బతిమాలితే, ఆ పాట జనం మధ్య తప్ప తిరగదని, యార్డు గడప దాటదని లిండో భీష్మించుకున్నాడట. అందుకని మంగళవారం జనం మధ్యే ఒక్కసారి వేస్తారు, అదే సమయంలో మిషను ఎక్కించుకుంటుంది.

“అయితే మంగళవారం వస్తా,” అంది ఐవరీన్.

మంగళవారం మధ్యాహ్నం ఆమె తెల్లటి తలగుడ్డ కట్టి, పిన్నీసు పెట్టి, జావ కుండ ఇంట్లోనే వదిలేసి దాని మూత ఒక్కటీ చంకన పెట్టుకుని బయల్దేరింది. పోత అల్యూమినియం మూత, పిల్లాడంత బరువు.

“కుండ లేకుండా మూత దేనికక్కా?” అంది మెర్ల్.

“కుండ పని రోజూ ఉండేదే. ఇవాళ మూత పని.”

యార్డు నిండిపోయింది. మెడలో పాత పతకాలు వేసుకున్న ముసలివాళ్ళు, భార్యల నడుం మీద చెయ్యేసి నిలబడ్డ తాతలు, సూపు గిన్నెలు పట్టుకుని గోడవార కూర్చున్న అమ్మలు. లిండో గంటసేపు పాత పాటలు వేసి అందరి కాళ్ళూ వదులు చేశాడు. ఆ తర్వాత పరిశుభ్రమైన చేతిరుమాలు తీసి చేతులు తుడుచుకుని, ఇనప్పెట్టెలోంచి ఆ రికార్డు తీశాడు. పక్కన బల్ల మీద హయాసె మిషను ఎర్రదీపం వెలిగింది. యార్డులో దగ్గేవాళ్ళు కూడా దగ్గు మింగేశారు.

ముల్లు దిగింది. చిటపటలు. బేస్ గిటారు మోత కడుపులో గుద్దింది, డోలు రెండు దెబ్బలు వేసి తప్పుకుంది. ఇరవై నాలుగేళ్ళ గొంతు లేచింది.

*ఎండిపోయాననుకుని నా దారిలో ఇల్లు కట్టావు—*

ఐవరీన్‌కి ఒళ్ళు జలదరించింది. తన గొంతు తను విని పదేళ్ళు దాటింది. అంత బాగుంటుందని మర్చిపోయింది. అక్కడే నిలబడి కళ్ళు మూసుకుని చివరిదాకా విందామని ఒక్క క్షణం నిజంగానే అనిపించింది. విని ఊరుకుంటే పాట దక్కుతుంది, ఎవరిదో పాటగా దక్కుతుంది. మూత ఎత్తి రేకుల దడి మీద ఒక్కటి వేసింది.

దెబ్బకి దడి పొడవునా రేకులు మోగాయి. జనం ఉత్సాహంగా కేకలు వేశారు. నచ్చితే బాదడం న్యాయమే కదా. లిండో ముఖం పాలిపోయింది గానీ రివాజు రివాజే. ముల్లెత్తాడు.

“హోరెబ్!” అన్నాడు మైకులో. “హోరెబ్ దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు!”

ముల్లు మళ్ళీ దిగింది. డోలు, బేస్. *ఎండిపోయాననుకుని నా దారిలో—* మూత మళ్ళీ పడింది.

ఈసారి కేకలు కొంచెం తగ్గాయి. లిండో పళ్ళు బిగపట్టి ఎత్తాడు. అతని కళ్ళు ఆమెను వెతికి పట్టుకున్నాయి. “హోరెబ్,” అన్నాడు మళ్ళీ, ఈసారి అంత గట్టిగా కాదు. హయాసె లేచి నిలబడి రెండు చేతులూ జోడించి జనం వైపు చూస్తున్నాడు, దయచేసి ఆపమన్నట్టు.

మూడోసారి ఆమె గొంతు మొదటి మాట దాటకముందే మూత దడిని తాకింది.

“ఎవరే ఆ ముసల్ది?” అని వెనక ఎవరో విసుక్కున్నారు. “నచ్చితే మాత్రం ఇంతా? పాట విననియ్యవా?”

“అంత తొందరగా ఉంటే నీ ఇంటికెళ్ళి నీ పెళ్ళాం పాట విను,” అంది మెర్ల్ అటు తిరక్కుండానే.

లిండో ముల్లెత్తి, చేతిలో మైకు చేతిలోనే ఉంచుకుని, బల్ల దాటి ఆమె ముందుకి వచ్చాడు. కోపంతో అతనికి మైకు సంగతి గుర్తులేదు.

“నీకు మతిపోయిందా? లక్క లేచిపోతోంది. ఇంకొక్కసారి కొట్టావంటే ఆ రికార్డు చస్తుంది. అందులో ఉన్నది నీ గొంతు, ఐవరీన్! నీ గొంతు నువ్వే చంపుకుంటావా?”

ఆ మాట పద్దెనిమిది స్పీకర్లలోంచి వచ్చి యార్డంతా తిరిగి, రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డవాళ్ళకి కూడా వినిపించింది.

గోడవార సూపు తాగుతున్న ఒక ముసలాయన గిన్నె కింద పెట్టి, “ఎవరి గొంతన్నావు కెప్టెన్?” అన్నాడు.

లిండో మైకు వైపు చూసుకున్నాడు. కాలుతున్న బొగ్గుని చూసినట్టు చూశాడు.

“పేరు లేకుండా బతికినన్నాళ్ళు బతికింది అది. ఇక చస్తే చావనీ,” అంది ఐవరీన్. గొంతు పెంచలేదు. మైకు దగ్గరే ఉంది కాబట్టి పెంచాల్సిన అవసరం రాలేదు. “ముల్లు నువ్వు మూడుసార్లు ఎత్తావు. ఎత్తినవాడు పేరు చెప్పాలి. నేను పెట్టిన రివాజు కాదు, ఈ యార్డు రివాజు. చెప్పేదాకా కొడుతూనే ఉంటా. రికార్డు అయిపోతే ఒట్టి పళ్ళెం మీద ముల్లు తిప్పుకో.”

ఉన్న మాటంటే ఉలుకెక్కువ అంటారు గానీ లిండోకి ఉలకడానికి కూడా చోటు లేదు. వెనక్కి వెళ్ళి, ఇంకేం చెయ్యాలో తెలియనివాడిలా ముల్లు మళ్ళీ దించాడు.

ఈసారి ముందు కొట్టింది ఐవరీన్ కాదు. మెర్ల్ గ్లాసు అడుగుతో దడి మీద కొట్టింది. తర్వాత సూపు తాగుతున్న ముసలాయన చేతికర్రతో కొట్టాడు. ఆ తర్వాత ఎవరు కొట్టారో చెప్పలేం. అరచేతులు, గిన్నెలు, చెప్పులు, యార్డు నాలుగు వైపులా రేకులు ఊగిపోయాయి. ఇందాక విసుక్కున్నవాడు కూడా రెండు చేతులా బాదుతున్నాడు. “పేరు చెప్పు! పేరు చెప్పు!”

లిండో ముల్లెత్తాడు. తొందరలో ముల్లు పక్కకి ఈడ్చుకుపోయింది. దానితోపాటు ఉల్లిపొర లాంటి నల్లటి లక్క ముక్క లేచి బల్ల మీద పడింది. రికార్డు అంచున రెండు వేళ్ళ మేర ఒట్టి అల్యూమినియం మెరిసింది.

చప్పుళ్ళు ఆగిపోయాయి.

“పోయింది,” అన్నాడు లిండో. అతని కళ్ళలో నీళ్ళు వచ్చాయి, అవి దొంగనీళ్ళు కావు. ఆ పాటని అతనంత ప్రేమించినవాడు లేడు, అతనంత అన్యాయం చేసినవాడూ లేడు. “మొదటి పాదం పోయింది ఐవీ.”

ఐవరీన్ వెనక్కి తగ్గలేదు. మూత మెర్ల్ చేతికిచ్చి బల్ల దగ్గరికి నడిచింది.

“మైకు ఇటియ్యి. ముందు పేరు చెప్పు, తర్వాత ఇయ్యి.”

లిండో టోపీ తీసేశాడు. టోపీ లేకుండా అతన్ని ఆ యార్డులో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. మిషను ఎర్రదీపం ఇంకా వెలుగుతూనే ఉంది.

“ఈ పాట ఐవరీన్ కఫ్‌ది,” అన్నాడు. “రాసింది ఆమె, పాడింది ఆమె. పేరు నేను గీకేశాను. చచ్చిపోయిందని కూడా నేనే రాశాను. ఆమె ఇదుగో, బతికే ఉంది. మొన్న శనివారం ఈ జపానాయనకి అబద్ధం చెప్పాను.”

ఆమె అతనికి థాంక్స్ చెప్పలేదు. మైకు తీసుకుంది. పొయ్యి పొగ మింగి మింగి గొంతు గరుకెక్కింది, నలభై ఏళ్ళ కిందటికన్నా రెండు మెట్లు కిందికి దిగింది. డోలు లేదు, బేస్ లేదు. ఒంటరిగా పాడింది.

*ఎండిపోయాననుకుని నా దారిలో ఇల్లు కట్టావు—*

లిండో ఆ రికార్డుని నలభై ఏళ్ళు చేత్తో ఎరిగినవాడు. ఆమె ఊపిరి ఎక్కడ ఆగుతుందో చూసి, బోడి అయిన చోటు దాటించి, సరిగ్గా అక్కడ ముల్లు దించాడు. బేస్ లేచింది. ఇరవై నాలుగేళ్ళ ఐవరీన్ అరవై నాలుగేళ్ళ ఐవరీన్ దగ్గర అందుకుని పాడింది.

*వాన రానీ, వాన రానీ. నా దారి నాకు తెలుసు.*

చివరిదాకా ఎవరూ దడి ముట్టుకోలేదు. నచ్చక కాదు. మళ్ళీ ఎత్తితే మిగలదని ఆ యార్డులో అందరికీ తెలుసు.

జనం చుట్టుముట్టి, కొందరు ఆమె చేతులు పట్టుకుని ఏడ్చి, కొందరు రేపు జావకి ఎన్నింటికి రావాలని అడిగి, మెల్లిగా పల్చబడ్డాక హయాసె ఆమె దగ్గరికి వచ్చాడు. నడుం దాకా వంగి క్షమించమన్నాడు. “అమ్మా, స్టూడియోకి వస్తారా? మొదటి పాదం శుభ్రంగా మళ్ళీ పాడించుకుంటాను. ముందున్న ఆ మూత దెబ్బలు, గొడవ అంతా తీసేస్తాను.”

“ఒక్క దెబ్బ కూడా తియ్యకు,” అంది ఐవరీన్. “ఉన్నది ఉన్నట్టు వెయ్యి. ఎవరైనా అడిగితే అది కూడా పాటలోదేనని చెప్పు.”

లిండో స్పీకరు పెట్టె మీద ఒంటరిగా కూర్చున్నాడు. రికార్డు ఒళ్ళో ఉంది. మధ్యలో తెల్ల కాగితం, కాగితం మధ్యలో నలభై ఏళ్ళ కిందటి గీకుడు మచ్చ. ఆమె వచ్చి ఎదురుగా నిలబడితే తలెత్తి, “నువ్వే ఉంచుకో ఇక,” అని రికార్డు అందించబోయాడు.

ఐవరీన్ అందుకోలేదు. తలగుడ్డలోంచి పిన్నీసు తీసి, విప్పి, అతని చేతిలో పెట్టింది.

“గీకిన చెయ్యే రాయాలి,” అంది. “లోతుగా రాయి.”